మమ్మల్ని ఏమని పిలవాలో మమ్మల్నే అడగండి: ఉపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో పాఠాలు చెబుతున్న సార్లకు, టీచర్లకు, హెడ్మాస్టర్లకు,

నమస్కారం. నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో మీసేవ సెంటర్ నడుపుతున్నాను. పదకొండేళ్లుగా నా పని పేర్లతోనే. కులం సర్టిఫికెట్ కావాలన్నా, ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నా కౌంటర్ అవతల నిలబడ్డ మనిషిని నేను మొదట అడిగేది పేరే. పేరు చెప్పేటప్పుడు మనుషుల మొహాలు ఎలా మారతాయో రోజూ చూస్తుంటాను. కొందరు గట్టిగా చెబుతారు. కొందరు ఏమీ మాట్లాడకుండా ఆధార్ కార్డు నా ముందుకు జరుపుతారు. తన పేరు తన నోటితో చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఇంతమంది ఉంటారని ఈ పనిలోకి వచ్చేదాకా నాకు తెలియదు. నేనొక్కణ్నే అనుకునేవాణ్ని.

మా పాప మూడో తరగతి. బడి వదిలాక సెంటర్‌కి వచ్చి నా పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. పోయిన నెల ఒక సాయంత్రం, నాతో హైస్కూల్లో చదివినవాడు ఆటో బయట ఆపి లోపలికి వచ్చాడు. "ఏం నత్తిపెంటా, జర ఈ ఆధార్ ప్రింటు తియ్యి" అన్నాడు. అతని మనసులో ఏమీ లేదు, నాకు తెలుసు. పాతికేళ్లుగా అలాగే పిలుస్తున్నాడు. ప్రింటు తీసిచ్చాను, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. పాప పెన్సిల్ పక్కన పెట్టి, "నాన్నా, నిన్ను అట్ల ఎందుకన్నడు?" అని అడిగింది. ఏమీ చెప్పలేకపోయాను. పాపకు చెప్పలేని ఆ జవాబే ఇప్పుడు మీకు రాస్తున్నాను, ఎందుకంటే ఆ పేరు నాకు పెట్టింది ఒక సారు.

ఊళ్లో ఐదు దాకా చదివి, పక్క ఊరి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాను. నాకు నత్తి. ఇప్పటికీ ఉంది, అప్పుడు ఇంకా ఎక్కువ. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి అన్నిటికన్నా కష్టమైన మాట సొంత పేరు. మిగతా ఏ మాట గొంతులో పట్టేసినా ఇంకో మాటతో తప్పించుకోవచ్చు. "పలక" రాకపోతే "స్లేటు" అంటాం, "పొద్దున" రాకపోతే "తెల్లారి" అంటాం. పేరుకు బదులు మాట లేదు. నాకు ప గుణింతమంతా అడ్డమే. నా పేరూ ప తోనే, మా నాయన పేరూ ప తోనే.

ఆ రోజు సారు ఒక్కొక్కరినీ లేపి, తండ్రి పేరు అడిగి రిజిస్టర్లో రాసుకుంటున్నారు. నా ముందు పదిమంది ఉన్నప్పటి నుంచే చేతులు చెమటలు పట్టాయి. నా వంతు వచ్చింది. "పె... పె... పె..." మీద ఆగిపోయాను. నలభై మంది నావైపే చూస్తున్నారు. చివరికి "పెంటయ్య" అని బయటపడింది. క్లాసంతా గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వారు. "సరే, కూర్చో నత్తిపెంటా" అన్నారు.

ఆయన ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటారు. క్లాసు మర్చిపోలేదు. దసరా సెలవులు వచ్చేసరికి నా అసలు పేరు హాజరు తీసేటప్పుడు తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఆ ఒక్కసారి కూడా "ప్రెజెంట్ సార్" అనాలి. "ప్ర" నా వల్ల అయ్యేది కాదు. చెయ్యి ఎత్తి ఊరుకునేవాణ్ని. సారు తల ఎత్తి చూస్తే హాజరు, చూడకపోతే గైర్హాజరు. బెంచీ మీద కూర్చుని ఉండగానే బడికి రానట్టు రాయించుకున్న రోజులు ఎన్నో.

ఆ సారు చెడ్డవారు కాదు. ఈ మాట తప్పకుండా చెప్పాలి. పదో తరగతి పరీక్ష ఫీజుకు మా నాయన దగ్గర డబ్బుల్లేకపోతే ఆయనే కట్టారు. సాయంత్రాలు ఆపి లెక్కలు చెప్పారు. నేను ఈ రోజు ఒకరి కింద పని చేయకుండా నా సెంటర్ నేను నడుపుకుంటున్నానంటే అందులో ఆయన చెయ్యి ఉంది. అందుకే ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. పిల్లల మంచి కోరేవాళ్ల నోటి నుంచి కూడా ఇలాంటి పేరు వచ్చేస్తుంది. వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన చేతిలో కూడా ఉండదు.

ఇక పెంటయ్య అన్న పేరు గురించి. మా ఊళ్లో ఆ పేరున్నవాళ్లు నలుగురుండేవాళ్లు, పెంటమ్మలు ఇద్దరు. మా నాయనకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పాలు తాగే వయసు దాటకుండానే పోయారు. నాయన పుట్టినప్పుడు మా నాయనమ్మ బిడ్డను చాటలో పడుకోబెట్టి తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టింది. ముందే అనుకున్నట్టు పక్కింటావిడ వచ్చి, "నాకు బిడ్డ దొరికిండు" అని ఎత్తుకుంది. నాయనమ్మ ఆమెకు పిడికెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుంది. పారేసిన బిడ్డ, తవుడుకు కొన్న బిడ్డ అంటే చావుకు కూడా పట్టింపు ఉండదని, వదిలేసి పోతుందని నమ్మకం. పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ, ఉత్తరాంధ్రలో తవిటయ్య లాంటి పేర్లలో చాలావాటి వెనక ఇలాంటి భయం, ఇలాంటి ప్రేమే ఉన్నాయి. నెల్లూరు, గుంటూరు వైపు దర్గాకు మొక్కుకుని హిందువుల ఇళ్లలో కూడా మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకుంటారు.

బిడ్డ బతకాలని ఒక తల్లి పెంటకుప్ప దాకా వెళ్లి తెచ్చుకున్న పేరు మా నాయనది. ఈ సంగతి నాయనమ్మ నాకు చెప్పేసరికి నేను ఇంటర్‌లో ఉన్నాను. అప్పటికే చాలా ఆలస్యమైంది. ఆరు నుంచి పది దాకా బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టిన ప్రతిసారీ, "నువ్వు రాకు నాయనా, అవసరం లేదన్నరు" అని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. ఒక్కసారి కూడా రాలేదు. ఆయన పోయి నాలుగేళ్లయింది. నేను చదివిన బడిలో మా నాయన అడుగు పడలేదు.

ఆ రోజు సారు నవ్వే బదులు, "ఈ పేరు మీ తాతవాళ్లు ఎందుకు పెట్టిండ్రో ఇంటికి పోయి అడిగి రా, రేపు మనందరికీ చెప్పు" అని ఉంటే? నత్తితోనైనా చెప్పేవాణ్ని. మిగతా పిల్లలు కూడా ఇంటికి వెళ్లి తమ పేర్ల కథలు అడిగి తెచ్చేవాళ్లు. నలభై పేర్లున్న క్లాసులో నలభై పాఠాలుంటాయి. పాఠ్యపుస్తకంలో లేనివి.

ఇప్పుడు నా కౌంటర్ దగ్గరికి కొడుకులు వస్తుంటారు. "మా నాన్న పేరు మార్చొచ్చా అన్నా? కొంచెం మంచిగ లేదు" అంటారు. ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చుకోనిస్తారని, పూర్తిగా కొత్త పేరైతే గెజిట్‌లో వేయించుకోవాలని చెబుతాను. ఆమధ్య ఒక ముసలాయన, కొడుకు ఈ మాటలన్నీ నాతో మాట్లాడుతున్నంతసేపూ నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనే అడిగాను, "తాతా, నీకు మార్చుకోవాలని ఉందా?" అని. "డెబ్బై ఏండ్లు ఈ పేరుకే పలికిన బిడ్డా, ఇప్పుడు కొత్త పేరుతోని పిలిస్తే నన్నే అని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. కొడుకు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముద్దుపేర్లు, మారుపేర్లు అసలు వద్దని నేను అనడం లేదు. బుజ్జి, చిన్ని, పండు, చంటి, నాని లేని ఇల్లు మనకు లేదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడ్డ కుటుంబాల్లో అబ్బులు, బాబ్జీ అన్న పేర్లే ఆధార్‌లోకి కూడా ఎక్కాయి. వాళ్లు ఆ పేరు ఎంత సంతోషంగా చెబుతారో! మా ఆవిడ నన్ను పిలిచే పేరు ఒకటుంది. అది ఇక్కడ రాయను, అది మా ఇద్దరిదే. ఒక పేరు ముద్దా, ఎక్కిరింపా అన్నది ఆ పేరులో ఉండదు. పిలిచేవాళ్లు ఎవరు, పిలిపించుకునేవాళ్లకు వద్దనే వీలుందా లేదా అన్నదాంట్లో ఉంటుంది.

"గాడు" అన్న మాటనే చూడండి. తల్లి "మా రవిగాడు ఇంకా రాలేదు" అంటే అందులో ఎంత ముద్దు! అదే మాట దొర గడీలో ఇంకోలా మోగింది. మల్లయ్య మల్లిగాడయ్యాడు, ఎల్లయ్య ఎల్లిగాడయ్యాడు, లచ్చమ్మ లచ్చి అయింది. పదేళ్ల దొర బిడ్డ అరవై ఏళ్ల మనిషిని "అరేయ్ మల్లిగా" అంటే ఆయన "దొరా" అని పలకాల్సి వచ్చేది. తల్లి అంటే ఆ రవి "నన్నట్ల అనకే అమ్మా" అనగలడు. మల్లయ్య అనలేడు. బడిలో పిల్లవాడు కూడా మీతో అనలేడు సార్. మార్కులు మీ చేతిలో, హాజరు మీ చేతిలో, నలుగురిలో వాడి పరువు మీ చేతిలో ఉంటాయి. నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూసి వాడికి ఇష్టమేనని మీరు అనుకుంటారు. నేను కూడా నవ్వేవాణ్ని. "నత్తిపెంటా" అని పిలిస్తే నవ్వుతూ లేచేవాణ్ని.

ఒక పిల్లవాడికి ఇంకో పిల్లవాడు పెట్టిన పేరు చాలాసార్లు ఎండాకాలం సెలవుల్లో కొట్టుకుపోతుంది. తిట్టుకుంటారు, తిరిగి ఇంకో పేరు పెట్టుకుంటారు, మళ్లీ కలుస్తారు. సారు పెట్టిన పేరు అలా పోదు. ఇలా అనొచ్చని అందరికీ పెద్దల నుంచి పర్మిషన్ దొరికినట్టు అవుతుంది. నల్లగా ఉన్న పిల్లను "కర్రెమ్మా" అని, లావుగా ఉన్నవాణ్ని "బోండాం" అని, కాలు ఈడ్చి నడిచేవాణ్ని "కుంటోడా" అని టీచర్ ఒక్కసారి అంటే చాలు, మిగతాది పిల్లలు చూసుకుంటారు.

పెద్దవాళ్లకు పేరంటే ఎంత బరువో మనకు తెలుసు. మా నాయనమ్మ చనిపోయేదాకా తాత పేరు నోటితో అనలేదు. ఇప్పటికీ నా కౌంటర్ దగ్గర భర్త పేరు అడిగితే పక్కనున్నవాళ్ల వైపు తిరిగి "నువ్వు చెప్పు బిడ్డా" అనే ముసలమ్మలున్నారు. పెళ్లయ్యాక కొత్త జంటను గడప దగ్గర ఆపి, ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తాం. పెద్దల పేర్లకు ఇన్ని మర్యాదలు కట్టిన మనం పిల్లల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఏ మర్యాదా పాటించం.

మీకు పిల్లల పేర్ల మీద ఎంత అధికారం ఉందో ఒక్కోసారి మీరే గమనించరేమో. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు సార్లు వేసిన జూన్ నెల తేదీలు ఇవాళ కూడా నా స్క్రీన్ మీద వరసగా కనిపిస్తాయి. ఆ తేదీలతోనే ఉద్యోగాలు చేసి, ఆ తేదీలతోనే రిటైర్ అయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. పేర్లు కూడా అంతే. పెంటమ్మను పద్మ అని, ఎల్లమ్మను యామిని అని రిజిస్టర్లో మార్చి రాసిన సార్లున్నారు. పాప జీవితం బాగుండాలనే రాశారు. కానీ పాపను అడగలేదు, ఇంట్లో అడగలేదు. పేరు ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, భూమి పట్టాలో ఇంకోటి అయి, ముప్పై ఏళ్ల తర్వాత ఆ పేర్లన్నీ ఒకరివేనని నిరూపించుకోవడానికి నా దగ్గరికి వస్తారు.

అడిగి మార్చిన చోటు కూడా ఒకటుంది. మహారాష్ట్రలో సతారా జిల్లాలో మగపిల్లాడి కోసం ఎదురుచూసి ఆడపిల్ల పుడితే "నకుశ" అని పేరు పెట్టేవాళ్లు. మరాఠీలో అక్కర్లేనిది అని అర్థం. 2011 అక్టోబరులో అక్కడి అధికారులు 285 మంది అమ్మాయిలకు కొత్త పేర్లతో సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ పేర్లు అమ్మాయిలే ఎంచుకున్నారు. కొందరు దేవతల పేర్లు పెట్టుకున్నారు, కొందరు సినిమా తారల పేర్లు పెట్టుకున్నారు. ఏం పెట్టుకున్నా అది వాళ్ల ఇష్టం.

మన దగ్గర కూడా తమను ఏమని పిలవాలో తామే చెప్పినవాళ్లున్నారు. 1917లో బెజవాడలో, నాలుగు వర్ణాలకు బయటివాళ్లన్న అర్థం వచ్చేలా పంచముల సభ అని పేరు పెట్టిన సభకు అధ్యక్షత వహించిన హైదరాబాద్ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ, ఆ పేరు వద్దని, తాము ఈ నేలకు మొదటివాళ్లమని చెప్పారు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. పాలకుర్తిలో భూమి కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. అయినా జనం చాకలి ఐలమ్మ అనే పిలిచారు. కులం పేరు పెట్టి పిలవడం చిన్నచూపు అయిన చోట, ఆమె వల్ల అదే మాట గౌరవమైంది. 2024లో హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. దీన్ని చూపించి "చూశారా, కులం పేరుతో పిలిస్తే తప్పేముంది" అని ఎవరూ అనకూడదు. ఆమె వారసులు గర్వంగా చెప్పుకోవడం వేరు, క్లాసులో ఒక పిల్లను ఇంకొకరు అలా పిలవడం వేరు.

ఇంటిపేరు సంగతి కూడా చెప్పాలి. "మీ ఇంటిపేరేంటి?" అని అడిగేటప్పుడు చాలాసార్లు మన మనసులో ఉన్నది "మీరేమిట్లు?" అన్న ప్రశ్నే. పిల్లలకు అది అర్థమవుతుంది. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు "ఎస్సీ పిల్లలందరూ లేవండి" అని క్లాసులో గట్టిగా అనడం నేను చదివేటప్పుడు విన్నాను, ఇప్పుడూ పిల్లలు చెబుతుంటే వింటున్నాను. ఆ ఫారాలు నా దగ్గరికే వస్తాయి. వాటి మీద పేర్లున్నాయి. ఆ పేర్లతో ఒక్కొక్కరినీ స్టాఫ్ రూముకు పిలిచి ఇవ్వవచ్చు.

చట్టాల గురించి ఎక్కువ రాయను, మీకు నాకన్నా బాగా తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. వికలాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. కులం పేరుతో బహిరంగంగా దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ చట్టం ఉంది. కానీ ఏ పిల్లవాడూ మీ మీద కేసు పెట్టాలనుకోడు. మీరు తన పేరు సరిగ్గా పిలిస్తే చాలనుకుంటాడు.

మీకూ పేర్లు పెడతారు కదా. గుండు సారు, బెత్తం సారు, ఇంకా రాయలేనివి. కారిడార్లో నడుస్తుంటే వెనక నుంచి ఎవరో పిల్లవాడు ఆ పేరు అని పరుగెత్తుతాడు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ క్షణం మీకు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మీకు చదువు ఉంది, వయసు ఉంది, జీతం ఉంది. అయినా ఆ మాట ఇంటిదాకా వెంట వస్తుంది. పదకొండేళ్ల పిల్లవాడికి ఇవేవీ లేవు.

తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పడానికి ఒక టీచరమ్మ కొత్తగా వచ్చారు. మొదటి రోజు ఎవరినీ లేపలేదు, ఏమీ అడగలేదు. నోట్‌బుక్ కాగితం నాలుగు ముక్కలు చేసి తలా ఒక చీటీ ఇచ్చారు. "మీ పేరు రాయండి. నేను మిమ్మల్ని ఏమని పిలిస్తే మీకు ఇష్టమో కింద రాయండి" అన్నారు. నోటితో చెప్పనవసరం లేకుండా, ఎవరి ముందూ పట్టేయకుండా నా పేరు నేను ఇవ్వగలిగిన మొదటిసారి అదే. రెండు చోట్లా ఒకే పేరు రాశాను. మరుసటి రోజు హాజరులో "ఏదో ఒకటి అనండి, చెయ్యి ఎత్తినా సరే, నేను చూస్తాను" అన్నారు. ప్రతి పేరు దగ్గరా తల ఎత్తి చూశారు. "ఉన్నా టీచర్" అన్నాను. "ఉ" నాకు కష్టం కాదు.

వారం తర్వాత ఎవరో వెనక బెంచీ నుంచి "నత్తిపెంట చెప్తడు టీచర్" అన్నాడు. ఆమె కోప్పడలేదు. చీటీల కట్ట తీసి ఒక్కొక్కటే చూసి, "ఆ పేరు ఎవరూ రాయలేదే" అన్నారు. తర్వాత నా పేరు పెట్టి పిలిచి పద్యం చదవమన్నారు. ఎంతసేపు పట్టినా ఆగారు. ఆమె పీరియడ్లో ఆ మాట మళ్లీ వినపడలేదు.

నేను మిమ్మల్ని అడిగేది ఆ చీటీయే. జూన్‌లో బడులు తెరిచిన రోజు క్లాసులో ఒక పావుగంట పడుతుంది. ఆ చీటీలు హాజరు పుస్తకంలోనే పెట్టుకోండి. ముద్దుపేరు రాసినవాళ్లను ముద్దుపేరుతోనే పిలవండి. రోల్ నంబర్‌తో పిలిచే కాలేజీల లెక్చరర్లకు కూడా ఇదే నా మనవి. పేరు నోరు తిరగకపోతే పిల్లల్నే అడిగి రెండుసార్లు పలికి చూడండి, వాళ్లు సంతోషంగా నేర్పిస్తారు. తండ్రి పేరు, ఇంటిపేరు, కులం కాగితం మీద అడగండి, నలుగురిలో అడగకండి. ఇప్పటికే మీ నోటి నుంచి ఏదైనా పేరు పడి ఉంటే ఆ పిల్లవాణ్ని పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పండి. మా సారు ఇప్పుడు వచ్చి చెప్పినా నాకు చాలు.

ఆటో నడిపే నా స్నేహితుడు మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి పక్కకు తీసుకెళ్లి, "నన్ను నా పేరుతోని పిలువురా" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నీకు బాధైతదని నాకు తెల్వదురా, సారే పిలిచెటోడు కదా" అన్నాడు. నా పేరు వాడి నోటికి వెంటనే రాలేదు, వెతుక్కుని అన్నాడు. పాపకు మాత్రం ఆ రాత్రి వాళ్ల తాత పేరు కథ మొత్తం చెప్పాను, పెంటకుప్ప దగ్గర్నుంచి తవుడు దాకా.

మా మండలంలోని బడుల సార్లకు ఇంకో మాట. పదో తరగతి పిల్లల పేర్లలో అక్షరాల తప్పులు, ఇంటిపేరు తేడాలు ఉంటే మెమోలు రాకముందే జాబితా పంపండి. ఒక ఆదివారం బడికే వచ్చి, ఒక్కొక్కరినీ తమ పేరు ఎలా ఉండాలో అడిగి, ఫారాలు నింపి ఇస్తాను. డబ్బులు తీసుకోను.

ఇట్లు,
పెంటయ్య గారి కొడుకు